ముహూర్తం కన్నా ముందు రిహార్సల్

మీ ఆఫీసులో అకౌంట్స్ విభాగం పక్కన ఒక చిన్న గది ఉంటుంది. ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా అందులో ఏసీ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. కరెంటు పోతే యూపీఎస్ కూత పెడుతుంది, కాసేపటికి జనరేటర్ అందుకుంటుంది. ఆ గది తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది. కంపెనీ బిల్లులు, సరుకు లెక్కలు, జీతాలు, రావలసిన బాకీలు అన్నీ ఆ గదిలోని రెండు మూడు సర్వర్ల మీదే నడుస్తున్నాయి. ఒకరోజు ఎండీ గారు మిమ్మల్ని పిలిచి, "ఏప్రిల్ ఒకటికల్లా మనం క్లౌడ్‌కి వెళ్లిపోవాలి, ఏర్పాట్లు చూడండి" అంటారు.

ఆ మాట విని తన సీటు దగ్గరికి తిరిగొచ్చిన మనిషి కోసం రాస్తున్న అధ్యాయం ఇది.

మన ఇళ్లలో ముందు ముహూర్తం పెట్టుకుంటాం. పంతులుగారు తేదీ చెప్పాక కల్యాణమండపం, వంటవాళ్లు, శుభలేఖలు అన్నీ ఆ తేదీకి తగ్గట్టు సర్దుకుంటాయి. సాఫ్ట్‌వేర్ తరలింపులో ఈ అలవాటు కొంప ముంచుతుంది. తేదీని ఎండీ గారు చెప్పకూడదు, వెండర్ చెప్పకూడదు. రిహార్సల్ చెప్పాలి. పదేళ్లుగా ఈ పనిలో ఉన్న నేను మీకు గట్టిగా చెప్పగలిగిన మాట ఇదొక్కటే. మిగతా అధ్యాయమంతా దాన్ని ఎలా ఆచరించాలన్నదే.

బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు సంగతి తెలుసుకుంటే ఈ మాట ఎందుకంత గట్టిగా చెబుతున్నానో అర్థమవుతుంది. లాయిడ్స్ బ్యాంకు నుంచి విడిపోయిన ఆ బ్యాంకును 2015లో స్పెయిన్‌కు చెందిన సబాదెల్ బ్యాంకు కొన్నది. అప్పటిదాకా లాయిడ్స్ కంప్యూటర్ల మీదే అద్దెకు నడుస్తున్న ఖాతాలన్నింటినీ కొత్త వ్యవస్థకు మార్చాలి. ముందు 2017 నవంబరు అన్నారు, కుదరక వాయిదా వేశారు. చివరికి 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను ఒక్కసారిగా మార్చేశారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. డేటా క్షేమంగానే చేరింది. చేరిన చోట వ్యవస్థ ఆ భారాన్ని మోయలేకపోయింది. 19 లక్షల మంది దాకా తమ ఖాతాలు తెరవలేకపోయారు. పరిస్థితి పూర్తిగా చక్కబడేసరికి డిసెంబరు అయింది. తర్వాత జరిగిన విచారణలో తేలినదేమిటంటే, కొత్త వ్యవస్థ రెండు డేటాసెంటర్ల మీద నడవాలి, కానీ భారం మోయగలదా అన్న పరీక్ష ఒక్కదాని మీదే చేశారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. అక్కడితో ఆగలేదు. 2023లో ఆ బ్యాంకు మాజీ ప్రధాన సమాచార అధికారికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. తరలింపు చేసిపెట్టే సంస్థ "మేం సిద్ధం" అన్నప్పుడు, ఆ మాట నిజమో కాదో ఆయన తగినంతగా తేల్చుకోలేదన్నది అభియోగం.

అది క్లౌడ్ తరలింపు అని కచ్చితంగా అనలేం. ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు మారడం. కానీ "సిద్ధం" అన్న కాగితం మీద రేపు సంతకం పెట్టబోయేది మీరు. అందుకే ఆ కథ మీకు చెప్పాను.

ఇప్పుడు ఏప్రిల్ ఒకటి సంగతి. వినడానికి బాగుంటుంది: కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త వ్యవస్థ. ఆచరణలో ఇంతకన్నా చెడ్డ రోజు దొరకదు. మార్చి 31 రాత్రి గోడౌన్‌లో సరుకు లెక్కపెడుతుంటారు, సేల్స్ వాళ్లు చివరి బిల్లులు కొడుతుంటారు, అకౌంట్స్ వాళ్లు నిద్రపోరు. ఆ రాత్రి మీకు ఎవరి సాయం కావాలో వాళ్లెవరూ ఖాళీగా ఉండరు. నెల క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీఆర్-3బీ. 28 నుంచి జీతాల పని, నెలాఖరు బిల్లింగ్ ఒత్తిడి. ఇక మిగిలింది 21 నుంచి 27 లోపు వచ్చే శని, ఆదివారాలు. తరలింపు ఏ నెలలో జరిగినా ఆ రోజుల్లోనే జరగాలని ముందే చెప్పేయండి. ఏ నెలన్నది రిహార్సల్ తేలుస్తుంది.

రిహార్సల్ చేయాలంటే ముందు ఏం తరలిస్తున్నామో తెలియాలి. "మాకు తెలుసు, ఒక ఈఆర్‌పీ, ఒక డేటాబేస్, ఒక పేరోల్" అని అందరూ అంటారు. ఇల్లు మారేటప్పుడు సామాను ఎంతుందని అడిగితే రెండు బీరువాలు, ఒక ఫ్రిజ్ అని చెప్పి, అటక మీద ఏముందో మరిచిపోవడం లాంటిది ఇది.

నేను పనిచేసిన ఒక నూనె మిల్లులో జరిగింది చెబుతాను. జాబితా అద్భుతంగా రాశామనుకున్నాం. ఆదివారం రాత్రి తరలింపు పూర్తయింది. పరీక్షించాం, అన్నీ నడిచాయి, తృప్తిగా ఇళ్లకు వెళ్లాం. సోమవారం పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. కాటా దగ్గరున్న పాత కంప్యూటర్ లారీ బరువును నేరుగా పాత సర్వర్ డేటాబేస్‌లోకి పంపుతుంది. ఆ సర్వర్ ఐపీ అడ్రసును ఎప్పుడో ఎవరో ఆ ప్రోగ్రామ్‌లోనే రాసేశారు. కాటా సెక్యూరిటీ వాళ్ల అధీనంలో ఉంటుంది కాబట్టి మా ఐటీ జాబితాలో దానికి చోటు దక్కలేదు. ఆ మధ్యాహ్నం దాకా బరువులన్నీ చేత్తో పుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని ఈఆర్‌పీలోకి ఎక్కించడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఆ తప్పు నాది. సెక్యూరిటీ క్యాబిన్‌లోకి నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

అప్పటి నుంచీ నేను జాబితాను రెండు వైపుల నుంచి రాయిస్తున్నాను. ఒకటి, యంత్రాలు చెప్పేది. మీ డేటాబేస్‌కు, ఫైల్ సర్వర్‌కు ఎక్కడెక్కడి నుంచి కనెక్షన్లు వస్తున్నాయో ఒక నెలంతా నమోదు చేయండి. నెలాఖరు తప్పకుండా అందులో ఉండాలి. కొన్ని పనులు నెలకొక్కసారే మేలుకుంటాయి. రెండోది, మనుషులు చెప్పేది. ప్రతి విభాగంలో ఒకరి పక్కన కుర్చీ వేసుకుని ఒక పూట కూర్చోండి. "మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు?" అని అడగకండి. "పొద్దున రాగానే మొదట ఏం తెరుస్తారు? సాయంత్రం వెళ్లేముందు ఎవరికి ఏం పంపుతారు?" అని అడగండి. అప్పుడు అటక మీది సామాను దిగుతుంది. సేల్స్ మేనేజర్ ఎక్సెల్ షీటులో ఒక మ్యాక్రో నేరుగా డేటాబేస్ నుంచి అంకెలు లాగుతుంటుంది. బల్ల కింద ఉన్న డెస్క్‌టాప్ రాత్రి పదకొండింటికి బ్యాంకుకు చెల్లింపుల ఫైలు పంపుతుంటుంది. హాజరు యంత్రం, బార్‌కోడ్ ప్రింటర్ ఉంటాయి. ఇక సర్వర్ వెనక గుచ్చి ఉన్న యూఎస్‌బీ డాంగిల్ ఒకటి ఉంటుంది. అది లైసెన్సుదో, డైరెక్టర్ గారి డిజిటల్ సంతకానిదో అయి ఉంటుంది. క్లౌడ్‌లో ఉన్న మెషీన్‌కు మీరు చేత్తో డాంగిల్ గుచ్చలేరు. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే వెండర్‌తో మాట్లాడి వేరే లైసెన్సు తెప్పించుకోవడానికి నెల రోజులు చేతిలో ఉంటాయి. ఆదివారం రాత్రి తెలిస్తే ఏమీ చేయలేరు.

యంత్రాల జాబితా, మనుషుల జాబితా పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేనివే మిమ్మల్ని సోమవారం పొద్దున నిద్ర లేపేవి.

జాబితా వచ్చాక ప్రతి వరుసకూ ఒక తీర్పు రాయాలి: పారేయాలా, ఇక్కడే ఉంచాలా, ఉన్నదున్నట్టు మోయాలా, లేక దాని బదులు కొత్తది కొనాలా. ఎవరూ వాడని రిపోర్టులు, ఏళ్ల కిందట మూసేసిన బ్రాంచి సాఫ్ట్‌వేర్ లాంటివి చాలా తేలతాయి, వాటిని మొహమాటం లేకుండా పారేయండి. మోయడంలో నా అభిప్రాయం ఒకటే. ఒకే రాత్రి రెండు మార్పులు చేయకండి. చోటు మార్చడం ఒక పని, వెర్షన్ మార్చడం ఇంకో పని. రెండూ కలిపితే ఏదైనా ఆగినప్పుడు ఎందుకు ఆగిందో తేల్చుకోలేరు. అయితే విండోస్ సర్వర్ 2012 లాంటివి మోసుకెళ్లి లాభం లేదు, దాని సపోర్ట్ 2023 అక్టోబరు 10తోనే ముగిసింది. అలాంటివాటికి ఇక్కడే, మీ గదిలోనే ముందు వెర్షన్ మార్చండి, కొన్ని వారాలు నడవనివ్వండి, తర్వాత చోటు మార్చండి. ఎస్‌ఏపీ పాత ఈసీసీ వాడుతున్నవాళ్లకు సాధారణ మెయింటెనెన్స్ గడువు 2027 చివరికల్లా తీరిపోతుంది. వాళ్ల తొందర అర్థం చేసుకోదగిందే. కానీ ఎస్‌ఏపీ కొత్త ఎస్/4హానాకు మారడం పూర్తిగా వేరే ప్రాజెక్టు. దాన్ని సర్వర్ తరలింపు ఖాతాలో రాయకండి.

అన్నీ ఒకేసారి వెళ్లాలని కూడా లేదు. 2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ డేటాబేస్ పాడై మూడు రోజులు ఆ సంస్థ అప్పట్లో అద్దెకిచ్చే డీవీడీలను పంపలేకపోయింది. ఆ దెబ్బతోనే వాళ్లు క్లౌడ్ బాట పట్టారు. పని పూర్తయింది 2016 జనవరిలో. అంతటి ఇంజనీర్లున్న సంస్థకే ఏడేళ్లు పట్టింది. ఈ సంగతి ఎండీ గారికి చెప్పండి, ఆయన తప్పక వింటారు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని, అందరికీ తలనొప్పి తెచ్చే విషయం: దూరం. మీ ఆఫీసులో ఈఆర్‌పీ ప్రోగ్రామ్‌కూ డేటాబేస్‌కూ మధ్య ఉన్నది ఒక కేబుల్. ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి మిల్లీసెకను కూడా పట్టదు. పాతకాలపు ప్రోగ్రామ్‌లు ఈ సుఖానికి అలవాటుపడి ఉంటాయి. ఒక ఇన్వాయిస్ తెర తెరవడానికి రెండు వేల చిన్న చిన్న ప్రశ్నలు అడిగే ప్రోగ్రామ్‌లను నేను చూశాను. కేబుల్ మీద అది రెండు సెకన్లలోపు తేలిపోతుంది. డేటాబేస్‌ను మాత్రమే క్లౌడ్‌కి పంపి ప్రోగ్రామ్‌ను ఆఫీసులోనే ఉంచారనుకోండి. రానూపోనూ 20 మిల్లీసెకన్లు పడితే, రెండు వేల ప్రశ్నలకు 40 సెకన్లు. గోడౌన్‌లో బిల్లు కోసం డ్రైవర్ నిలబడి ఉంటాడు, తెర మీద గడియారం గుర్తు తిరుగుతూ ఉంటుంది. అప్పుడు జనం "క్లౌడ్ స్లో" అంటారు. క్లౌడ్ తప్పేమీ లేదు, మధ్యలో వచ్చిన దూరం అది. పెద్ద సర్వర్ కొన్నా, ఇంటర్నెట్ స్పీడు పెంచినా ఇది తగ్గదు. మందు ఒకటే: ఒకదానితో ఒకటి ఎక్కువగా మాట్లాడుకునేవాటిని కలిపి పంపాలి. ప్రోగ్రామ్, డేటాబేస్ రెండూ అక్కడే ఉండాలి. మీ మనిషి ఇక్కడి నుంచి తెరను మాత్రమే చూడాలి. చోటు ఎంచుకునేటప్పుడు దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన కేంద్రాలు తెరిచింది. హైదరాబాద్ ఆఫీసువాళ్లకు ఇది నిజమైన సౌకర్యం. కాకపోతే మీకు కావలసిన సర్వీసులన్నీ అక్కడ ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

డేటా మోయడానికి పట్టే సమయాన్ని కూడా కాగితం మీద లెక్కగట్టండి. ఒక టెరాబైటును 100 ఎంబీపీఎస్ లైను మీద పంపితే, లైను ఒక్క క్షణం కూడా ఆగకుండా నడిచినా 22 గంటల పైనే పడుతుంది. మీ దగ్గర మూడు టెరాబైట్లుంటే శని, ఆదివారాలు చాలవు. అందుకే మొత్తం కాపీని వారం పది రోజుల ముందే పంపి, చివరి రాత్రి ఆ మధ్య మారినవి మాత్రమే పంపాలి.

ఇక బ్యాకప్. మీ దగ్గర బ్యాకప్ ఉందని నాకు తెలుసు. దాన్ని చివరిసారి ఎప్పుడు తిరిగి తెరిచి చూశారు? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. చూస్తే రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల చాలాకాలంగా విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరడం లేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ వాళ్లను కాపాడింది. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. మీరూ లెక్కపెట్టకండి.

ఇప్పుడు రిహార్సల్‌కు వద్దాం. ఇది ప్రదర్శన కాదు, ల్యాప్‌టాప్ మీద చూపించే డెమో కాదు. అసలు డేటా, అసలు మనుషులు, అసలు గడియారం. మొదటి రిహార్సల్‌లో ఎవరు ఏ నిమిషానికి ఏం చేశారో ఒకరు పక్కన కూర్చుని రాయాలి. మొదటిసారి చాలా తప్పులు దొర్లుతాయి, దొర్లాలి కూడా. ఆ రాతలే రెండో రిహార్సల్‌కు స్క్రిప్టు. మూడోసారి ఆ స్క్రిప్టును, దాన్ని రాయని మనిషి చేతిలో పెట్టండి. ఆయన ఎవరినీ అడగకుండా చివరిదాకా వెళ్లగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్టు. పట్టిన సమయానికి సగం కలుపుకోండి. అది శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి లోపల పడితే అప్పుడు ముహూర్తం పెట్టండి.

సరిగ్గా చేరిందని ఎలా తెలుస్తుంది? "లాగిన్ అవుతోంది సార్" అంటే చాలదు. తరలింపుకు ముందు, తర్వాత ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోవాలి. గోడౌన్ వారీగా సరుకు నిల్వ, పార్టీ వారీగా రావలసిన బాకీ, ఆఖరి ఇన్వాయిస్ నంబరు సరిపోవాలి. తర్వాత కంప్యూటర్ వాళ్లు పక్కకు తప్పుకుని, డిస్పాచ్ గుమాస్తాను కూర్చోబెట్టి ఒక ఆర్డరు, ఒక బిల్లు, ఒక ఈ-వే బిల్లు నమూనా, ఒక ప్రింటు తీయమనండి. తెలుగు పేర్లు, అడ్రసులు ప్రింటులో ప్రశ్నార్థకాలుగా మారాయేమో చూడమనండి. సరే అనే అధికారం ఆ గుమాస్తాకు ఇవ్వండి. నిజంగా ఇవ్వండి. ఆయన కాదంటే తేదీ వెనక్కి జరగాలి.

వెనక్కి వచ్చే దారిని కూడా రిహార్సల్ చేయాలి. చాలామంది ప్లానులో "సమస్య వస్తే పాత సర్వర్‌కు తిరిగి వస్తాం" అని ఒక వాక్యం ఉంటుంది. కొత్త వ్యవస్థలో సోమవారం పది గంటలకు మొదటి బిల్లు పడ్డాక, పాత సర్వర్‌కు ఆ బిల్లు గురించి తెలియదు. అప్పుడు వెనక్కి రావడమంటే స్విచ్చు వేయడం కాదు, మధ్యలో పడిన ప్రతి లావాదేవీని మళ్లీ ఎక్కించడం. కాబట్టి ఆదివారం సాయంత్రం ఒక గంట రాసిపెట్టుకోండి, ఆరో ఏడో. ఆ గంటకు ఫలానా ఫలానా పనులు పూర్తి కాకపోతే వెనక్కి వచ్చేస్తాం అని ఎండీ గారితో ముందే సంతకం పెట్టించుకోండి. అలసిపోయిన మనుషులు "ఇంకో గంట చూద్దాం" అంటారు. ఆ కాగితం మీ తరఫున మాట్లాడుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. కంపెనీ లెక్కల పుస్తకాలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే వాటి బ్యాకప్ ప్రతిరోజూ భారతదేశంలోని సర్వర్లోనే ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చూపే ఆడిట్ ట్రయల్ ఆపకూడదు. తరలింపు రోజున వేగం కోసం దాన్ని ఆపమని వెండర్ అడగవచ్చు, ఒప్పుకోకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి.

ఖర్చు సంగతి కూడా అంతే క్లుప్తంగా. సొంత సర్వర్ ఖాళీగా ఉన్నా కొత్త ఖర్చు లేదు. క్లౌడ్‌లో మీటరు తిరుగుతూనే ఉంటుంది. వారానికి 168 గంటలు. మీ టెస్ట్ సర్వర్ వారానికి ఆరు రోజులు, రోజుకు 12 గంటలు నడిస్తే 72 గంటలే. మిగతా వేళల్లో ఆపేస్తే దాని గంటల లెక్క బిల్లులో సగానికి పైగా మిగులుతుంది. మొదటి రోజే బడ్జెట్ అలారం పెట్టండి.

చివరిగా మీ గురించి. తాళంచెవి పోతే మీ విలువ పోతుందేమోనన్న భయం మీలో ఉండవచ్చు. నేను చాలామంది కళ్లలో చూశాను. కొందరు ఆ భయంతో తమకు తెలిసినవి చెప్పకుండా దాచుకుంటారు, తరలింపు అక్కడే దెబ్బతింటుంది. నిజమేమిటంటే క్లౌడ్ సంస్థ కాపాడేది భవనాన్ని, కరెంటును, యంత్రాలను. ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలి, ఏ పాస్‌వర్డు ఎవరి దగ్గరుండాలి, బ్యాకప్ తెరుచుకుంటోందా లేదా అన్నవి అక్కడికి వెళ్లాక కూడా మీ బాధ్యతే. మొత్తం ఖాతాకు అధికారం ఉన్న ఆ ఒక్క లాగిన్‌కు రెండంచెల రక్షణ పెట్టి, రోజువారీ పనికి వాడకుండా పక్కన పెట్టడం మీ మొదటి పని. నెలాఖరున బల్ల కింది డెస్క్‌టాప్ ఎందుకు మేలుకుంటుందో తెలిసిన మనిషి మీరే. ఆ తెలివిని కాగితం మీద పెట్టండి, మీ పేరు రాసి సంతకం చేయండి.

ఎండీ గారి దగ్గరికి వెళ్లినప్పుడు ఏప్రిల్ ఒకటి కుదరదని చెప్పి ఊరుకోకండి. మొదటి రిహార్సల్‌కు ఒక తేదీ ఇచ్చి రండి. దానికి ముందు ఈ వారమే ఒక పని చేయండి. నిన్న రాత్రి బ్యాకప్‌ను తీసుకుని, ఖాళీగా ఉన్న ఇంకో మెషీన్ మీద తెరవండి. మొదలుపెట్టిన సమయం, ముగిసిన సమయం, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందో లేదో ఒక తెల్ల కాగితం మీద రాయండి. మీ తరలింపు ప్లానులో మొదటి పేజీ అదే.